చేతిలో ఆయుధం లేని ఆ పరుగు

హైదరాబాదులో మా చెల్లెలి ఇల్లు ఎస్సార్ నగర్ దగ్గర. కిందటి వేసవి సెలవులకు మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు మా ఆటో ఎస్సార్ నగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగింది. మావాడు అటూ ఇటూ చూసి, అక్కడున్న విగ్రహం ఎవరిదమ్మా అని అడిగాడు. పోలీసాఫీసరు ఉమేష్ చంద్ర గారిదని చెప్పాను. విగ్రహం ఇక్కడే ఎందుకు పెట్టారన్నాడు. ఆయన్ని ఇక్కడే చంపేశారు నాన్నా అన్నాను. సిగ్నల్ పడింది, ఆటో కదిలింది. వాడి ప్రశ్నలు మాత్రం ఆగలేదు.

కథలు రాసేదాన్ని కదా, పిల్లాడికి ఒక వీరుడి కథ చెప్పడం ఎంతసేపులే అనుకున్నాను. ఆ రాత్రి మేడ మీద చాప వేసుకుని చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, అది అంత తేలిక కాదని.

చదలవాడ ఉమేష్ చంద్ర 1966 మార్చి 19న పుట్టారు. సొంతూరు అప్పటి గుంటూరు జిల్లా పెదపూడి. చదువంతా హైదరాబాదులోనే సాగింది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఆ తర్వాత నిజాం కాలేజీలో, ఆపైన ఉస్మానియాలో లా. అలా చదువుకున్న కుర్రాడు నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్ళినా, ఏ పెద్ద కంపెనీలో చేరినా హాయిగా బతికేవాడు. ఆయన మాత్రం 1991లో ఐపీఎస్‌కు ఎంపికయ్యారు. అప్పటికి పాతికేళ్ళు. మన ఇళ్ళలో ఆ వయసు కుర్రాళ్ళకి ఇంకా అమ్మే అన్నం కలిపి పెడుతుంటుంది!

వరంగల్‌లో, కడప జిల్లా పులివెందులలో పనిచేశాక కడపకు ఎస్పీ అయ్యారు. తొంభైల నాటి కడప ఫ్యాక్షన్ల గురించి ఈ తరం పిల్లలకు సినిమాల వల్లే తెలుసు. సినిమాలో సుమోలు గాల్లోకి లేస్తాయి, హీరో తొడ కొడతాడు. ఆ ఊళ్ళలో కాపురాలు చేసిన ఆడవాళ్ళకు తెలిసిన ఫ్యాక్షన్ వేరు. పొలానికి వెళ్ళిన మగమనిషి పొద్దుగూకేసరికి తిరిగి వస్తాడో రాడో తెలియదు. నాటుబాంబులు ఏ గడ్డివాములో ఉన్నాయో తెలియదు. పెద్దల పగలకు చిన్నవాళ్ళు బలైపోతే, ఆ ఇళ్ళలో మిగిలేది చెరిపేసిన బొట్లు, తండ్రి లేని పిల్లలు. అలాంటి చోట ఈ కుర్ర ఎస్పీ ఎవరి మనిషి అని చూడకుండా చట్టం అమలు చేశాడని పేరు తెచ్చుకున్నారు. అక్కడి జనం ఆయన్ని కడప పులి అని పిలుచుకున్నారు.

ఆ తర్వాత కరీంనగర్ ఎస్పీగా వెళ్ళారు. అక్కడి కథ ఇంకో రకం. దొరల పెత్తనం, వెట్టిచాకిరీ, భూమి కోసం తగాదాలు... వీటి మధ్య నుంచి పుట్టుకొచ్చిన ఉద్యమం ఆ జిల్లాది. 1980లో పీపుల్స్ వార్ ఏర్పడ్డాక ఎందరో చదువుకునే పిల్లలు పుస్తకాలు పక్కన పడేసి అడవిబాట పట్టారు. ఒకవైపు మందుపాతరలు, ఇన్ఫార్మర్లన్న పేరుతో హత్యలు. ఇంకోవైపు ఎన్‌కౌంటర్లు. వాటిలో బూటకపువి ఉన్నాయని పౌరహక్కుల సంఘాలు ఆ రోజుల్లో గట్టిగానే గొంతెత్తాయి. ఈ మాట మావాడికి చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. చెప్పాను. అడవికి వెళ్ళిన కొడుకు కోసం గుమ్మంలో కూర్చున్న తల్లీ, డ్యూటీకి వెళ్ళిన కొడుకు కోసం కూర్చున్న తల్లీ ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే ఊళ్ళో ఉండేవారు. ఒకరి కన్నీళ్ళు దాచేసి ఇంకొకరివి చూపిస్తే అది కథే అవుతుంది గానీ నిజం కాదు కదా!

ఉమేష్ చంద్ర ఆ పోరులో ముందు వరుసలో నిలబడ్డ అధికారి. అందుకే నక్సలైట్ల లక్ష్యంగా మారారు. అది ఎంత ప్రమాదమో ఆయనకు తెలియనిది కాదు. అంతకుముందు, 1993 జనవరి 27న, గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన వ్యాస్ గారిని హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలోనే కాల్చి చంపారు. అదే ఏడాది నవంబరులో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు గారు సోమశిల దగ్గర మందుపాతరకు బలయ్యారు. ఇవన్నీ తెలిసీ రోజూ పొద్దున్నే బూట్లు తొడుక్కుని బయలుదేరడమంటే మాటలు కాదు. ఆ బూట్ల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వింటూ నిలబడటం ఇంట్లో వాళ్ళకు ఇంకా కష్టం.

కరీంనగర్ నుంచి హైదరాబాదుకు బదిలీ అయింది. పోలీసు ప్రధాన కార్యాలయంలో ఉద్యోగం. ఇంట్లో వాళ్ళు ఇక ఫరవాలేదని గుండెల మీద చెయ్యి వేసుకునే ఉంటారు. జిల్లాలో, అడవిలో రాని ఆపద నడివీధిలో వస్తుందని ఎవరనుకుంటారు?

1999 సెప్టెంబరు 4. రాష్ట్రంలో ఎన్నికల రోజులు. కారు ఎస్సార్ నగర్ చౌరస్తా దగ్గర ఆగింది. కాచుకుని ఉన్న నక్సలైట్లు కారు మీద కాల్పులు జరిపారు. ఆయన గన్‌మన్, డ్రైవరు ప్రాణాలు కోల్పోయారు. ఉమేష్ చంద్ర కారులోంచి దూకి, కాల్చినవాళ్ళ వెంట పరుగెత్తారు. ముందు వాళ్ళు పారిపోయారు. ఆయన చేతిలో తుపాకీ లేదని తెలిశాక వెనక్కి తిరిగారు. అందరూ చూస్తుండగా కాల్చి చంపారు. ఆయనకప్పుడు ముప్ఫై మూడేళ్ళు.

ఇక్కడికి వచ్చేసరికి మావాడు లేచి కూర్చున్నాడు. చేతిలో ఏమీ లేకుండా ఎందుకు పరుగెత్తాడని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అది ధైర్యమా, అలవాటా, పక్కనే ఉన్న మనుషులు ఒరిగిపోతే వచ్చిన కోపమా? ఆ క్షణంలో అటుగా పరుగెత్తి ఏ ఇంట్లోకో దూరిపోయి ఉంటే బతికేవారేమో అని ఒక తల్లిగా నాకు అనిపిస్తుంది. అయితే తలదాచుకునే దారి చూసుకునే మనిషైతే కడపలో ఆ పేరు వచ్చేది కాదేమో కూడా.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మర్నాడు మా ఇంట్లో పేపరు నాన్న చేతిలోంచి అమ్మ చేతికి, మళ్ళీ నాన్న చేతికి మారడం గుర్తుంది. అమ్మ మొట్టమొదట అడిగింది ఆయనకు పెళ్ళయిందా అని. అయిందని తెలిసి పేపరు మడిచి పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా వీధిలో ఒక కానిస్టేబులు గారి కుటుంబం ఉండేది. ఆ పిన్నిగారు మాతో బాగా కబుర్లు చెప్పే మనిషి. ఆ వారం రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం దీపం పెట్టాక గేటు దగ్గర నిలబడి, ఆయన సైకిలు బెల్లు వినిపించాకే లోపలికి వెళ్ళేది. పేపర్లో పడిన చావు ఒకరిదే. దాని నీడ ఎన్ని గుమ్మాల మీద పడిందో!

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుగుతుంది. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది మన పోలీసులు చనిపోయారు. మూడు వారాల తర్వాత నవంబరు 13న గానీ వాళ్ళ శవాలు చేతికి రాలేదు. ఆ మంచుకొండల్లోనే అంత్యక్రియలు చేశారు. వాళ్ళ గుర్తుగానే ఈ దినం. తుపాకులు తలకిందులుగా పట్టుకుని వందనం చేస్తారు, ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. 2018లో ఢిల్లీ చాణక్యపురిలో కట్టిన జాతీయ పోలీసు స్మారకం గోడ మీద 34 వేలకు పైగా పేర్లు చెక్కారు. ఒక్కో పేరు వెనక ఒక వంటిల్లు, తీయకుండా తగిలించి ఉంచిన ఒక యూనిఫాం ఉంటాయి.

ఉమేష్ చంద్ర హత్య కేసులో నిందితులను 2014లో నాంపల్లి కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. చట్టం చదివి, చట్టం కోసం ప్రాణమిచ్చిన మనిషి కేసు పదిహేనేళ్ళకు అలా ముగిసింది. ఇంట్లో వాళ్ళ దుఃఖానికి అలాంటి ముగింపు ఏ కోర్టు ఇవ్వగలదు?

అంతా విన్నాక మావాడు ఇంకో ప్రశ్న వేశాడు. కారులో చనిపోయిన మిగతా ఇద్దరి విగ్రహాలు ఏవి అని. ఇన్నేళ్ళుగా ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళానో! నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు. కథ చెప్పేటప్పుడు కూడా ఆ ఇద్దరినీ ఒక్క వాక్యంలో దాటేశాను. స్టీరింగు పట్టుకున్న మనిషికీ, పక్కన కాపలాగా కూర్చున్న మనిషికీ భార్యాపిల్లలు ఉండరా? వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి పొయ్యి వెలిగి ఉంటుందా? సిగ్గుపడ్డాను. నిద్ర పట్టలేదు.

సెలవులయ్యాక తిరుగు ప్రయాణం. మళ్ళీ అదే చౌరస్తా. ఈసారి గ్రీన్ సిగ్నల్, ఆటో ఆగలేదు. మావాడు తల బయటికి పెట్టి చూస్తూ, అక్కడ చనిపోయింది ముగ్గురని ఆటో అతనితో చెప్పాడు. ఆయనకు నలభై అయిదేళ్ళుంటాయి. ఎస్పీ సారు సంగతి తనకు తెలుసన్నాడు. కారు డ్రైవరు కూడా పోయాడని మాత్రం తెలియదన్నాడు. అమీర్‌పేట దాటేదాకా మళ్ళీ మాట్లాడలేదు. దిగేటప్పుడు మావాడి తల నిమిరి, బాగా చదువుకో బిడ్డా అని వెళ్ళిపోయాడు.