గర్భిణుల రక్తహీనతకు మందు: భీమవరం బిడ్డ కృషి

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. యువకుడిగా ఉండగానే ఇద్దరు సోదరులను స్ప్రూ అనే విరేచనాల వ్యాధి పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి 1923లో ఆయన అమెరికా వెళ్ళారు.

గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించిన డాక్టర్ లూసీ విల్స్ 1931లో వెల్లడించారు. అందులోని పదార్థమేదో అప్పటికి తేలలేదు. అదే ఫోలిక్ ఆమ్లం. లెడర్లీ పరిశోధనశాలలో సుబ్బారావు నాయకత్వాన శాస్త్రజ్ఞులు 1945లో దానిని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూకూ అది మందైంది. 1948లో, 53వ ఏట, ఆయన అమెరికాలోనే కన్నుమూశారు.

గర్భిణులకూ, కాన్పు తర్వాత ఆరు నెలలపాటు బాలింతలకూ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇనుము బిళ్ళలో ఈ మందు కలిసే ఉంటుంది.