రాబర్ట్ గ్రేవ్స్ – ఒక వ్యాధికి పేరైన వైద్యుడు

గ్రేవ్స్ వ్యాధి అనగానే అది సమాధులకు సంబంధించిన మాటేమోనని మన విద్యార్థులలో కొందరు భ్రమపడుతుంటారు. అది ఒక వైద్యుని పేరు మాత్రమే.

రాబర్ట్ జేమ్స్ గ్రేవ్స్ 1796లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి ట్రినిటీ కళాశాలలో మతశాస్త్రాచార్యుడు. ఆ కళాశాలలోనే 1818లో వైద్యపట్టం పొంది, ఆయన ఐరోపా దేశాల పర్యటనకు బయలుదేరాడు. జర్మను భాషను ఎంత స్వచ్ఛంగా మాట్లాడేవాడో గాని, ఆస్ట్రియాలో ఆయనను జర్మను గూఢచారిగా అనుమానించి పదిరోజులు చెరలో ఉంచారట! భాష బోధించే మాబోటి వారికి ఈ ముచ్చట ప్రీతికరం.

1821లో స్వదేశానికి మరలివచ్చి మీత్ ఆసుపత్రిలో వైద్యుడైనాడు. రోగి మంచం ప్రక్కనే నిలిచి విద్యార్థులకు పాఠం చెప్పడం, వారికే రోగుల బాధ్యతను అప్పగించడం ఆయన పద్ధతి. లంఖణం పరమౌషధమని నమ్మే మనవారికి వింతగా తోచవచ్చు గాని, జ్వరపీడితులకు ఆహారం పెట్టి తీరాలని ఆయన పట్టుపట్టాడు.

1835లో ప్రకటితమైన ఒక ఉపన్యాసంలో ఆయన ముగ్గురు స్త్రీలను గూర్చి వివరించాడు. వారికి తీవ్రమైన గుండెదడ, కంఠం ముందుభాగాన థైరాయిడ్ గ్రంథి వాపు. మరొక స్త్రీకి కనుగుడ్లు ముందుకు పొడుచుకొనివచ్చి, నిద్రలో సైతం రెప్పలు మూతపడేవి కావు. గ్రేవ్స్ ఈ లక్షణాలను గుండెతోను, మనోవికారంతోను ముడిపెట్టాడు. చూచినది సత్యం, చెప్పిన కారణం సరికాదు.

శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలే ఈ గ్రంథిని అదేపనిగా ప్రేరేపిస్తాయని నేడు మనకు తెలుసు. అప్పుడు అయొడిన్‌తో కూడిన థైరాక్సిన్ హార్మోను మితిమీరి స్రవిస్తుంది. గ్రంథి ఇట్లు అతిగా పనిచేయడమే హైపర్ థైరాయిడిజం. గ్రంథి వాపు గాయిటర్. కనుగుడ్ల ఉబ్బు ఎక్సాఫ్తాల్మోస్. ఆకలి ఉన్నా మనిషి చిక్కిపోతాడు, చేతులు వణకుతాయి, చెమటలు పోస్తాయి. ఇంటివారేమో కంగారు మనిషి అని కొట్టిపారేస్తారు. ఒక రక్తపరీక్షతో తేలగల సంగతి ఇది!

గ్రేవ్స్ మొదటివాడు కాడు. పండ్రెండవ శతాబ్దపు పారశీక వైద్యుడు జుర్జానీ కంఠపు వాపును, కంటి ఉబ్బును కలిపి పేర్కొన్నాడని వైద్యచరిత్రకారులు చెబుతారు. ఇంగ్లండు వైద్యుడు పారీ పరిశీలనలు ఆయన మరణానంతరం 1825లో అచ్చయినాయి. 1840లో వ్రాసిన బాసిడో పేరనే జర్మనులు ఈ వ్యాధిని పిలుస్తారు. గ్రేవ్స్ పేరును ప్రతిపాదించినవాడు ఫ్రెంచి వైద్యుడు ట్రూసో. ఈ కీర్తిలో అదృష్టం పాలు కొంత ఉన్నదనే మా అభిప్రాయం. ఆయన బోధనకు దక్కిన గౌరవంలో మాత్రం అది లేదు.

గ్రేవ్స్ 1853లో మరణించాడు. ఆ గ్రంథి జోరును తగ్గించే మందులు రోగులకు అందింది 1940లలో.