పాటకు చోటు అడిగిన నాగరత్నమ్మ

పుష్య బహుళ పంచమి నాడు తమిళనాడులోని తిరువయ్యారులో కావేరి ఒడ్డు తెల్లవారకముందే మేలుకొంటుంది. తిరుమంజన వీధిలో త్యాగరాజస్వామి ఇంటి దగ్గర ఉంఛవృత్తి భజన మొదలవుతుంది. తంబురా మీటుతూ, తాళాలు వేస్తూ, పాడుకుంటూ ఆ బృందం వీధులు దాటి స్వామి సమాధి దగ్గరికి చేరుతుంది. ఆ తర్వాత వందలాది మంది నేల మీద వరుసలుగా కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్న కీర్తనలను కలిసి పాడతారు. పేరు మోసిన విద్వాంసుల దగ్గర నుంచి ఇంకా పాఠం నేర్చుకుంటున్న పిల్లల దాకా అందరిదీ అక్కడ ఒకే పాట. ఆడవారూ పాడతారు, మగవారూ పాడతారు.

ఇప్పుడు ఇది మనకు మామూలుగా కనిపిస్తుంది. కానీ నూరేళ్ల కిందట ఆ సమాధి ముందు ఆడమనిషి గొంతెత్తడానికి వీలు లేదు. ఈ మార్పు వెనుక ఉన్నది కన్నడ నేలపై పుట్టి, తెలుగును మనసారా నేర్చుకుని, తమిళ నేలపై కన్నుమూసిన ఒక స్త్రీ పట్టుదల. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ. మూడు రాష్ట్రాల తెలుగువారూ మన మనిషి అని చెప్పుకోదగిన జీవితం ఆమెది.

తల్లి పట్టుదల

నాగరత్నమ్మ 1878 నవంబర్ 3న మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి. వారిది దేవదాసీ కుటుంబం. తండ్రి అండ లేదు. ఉన్నదల్లా బిడ్డను పెద్ద విదుషిని చేయాలన్న తల్లి కోరిక ఒక్కటే. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య దగ్గర సంస్కృతం, సంగీతం చదువుకు పునాది పడింది. కొన్నేళ్లకు ఆ గురువుతో పొసగక తల్లీ కూతుళ్లు మైసూరు విడిచి బయటికి వచ్చారు. చివరికి బెంగళూరులో, వయొలిన్ విద్వాంసుడైన మేనమామ అండలో కుదురుకున్నారు.

ఆ రోజుల్లో దేవదాసీ కుటుంబాల ఆడపిల్లలకు చదువు ఉండేది. మిగతా ఇళ్ల ఆడపిల్లల్లో చాలామందికి అది కూడా లేదు. నాగరత్నమ్మ కన్నడం, సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు నేర్చారు. పాట, వయొలిన్, నాట్యం నేర్చారు. పద్నాలుగేళ్లు నిండేలోపే తల్లి పోయారు. అప్పటికే పునాది గట్టిగా పడింది.

బెంగళూరులో ఆమెకు సంగీతం చెప్పిన మునుస్వామప్పది వాలాజపేట శిష్యపరంపర. ఈ పరంపర గురించి ఒక మాట చెప్పుకోవాలి. త్యాగరాజస్వామి ముఖ్య శిష్యుల్లో వాలాజపేట వెంకటరమణ భాగవతార్ ఒకరు. ఆయన మాతృభాష తెలుగు కాదు, సౌరాష్ట్రం. గురువు పాడిన తెలుగు కీర్తనలను ఆయనా, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారూ రాసి భద్రపరిచారు. ఆ కృష్ణస్వామి భాగవతార్ శిష్యుడే మునుస్వామప్ప. అంటే నాగరత్నమ్మకు త్యాగరాజ కీర్తన చేరిన దారిలో తెలుగు ఇంటిభాష కానివారు ఉన్నారు. భాష పుట్టుకతోనే కాదు, ప్రేమతో నేర్చుకున్నా నిలుస్తుంది.

మద్రాసు కచేరీలు, ఒక తెలుగు పుస్తకం

యౌవనంలోనే నాగరత్నమ్మ మద్రాసు చేరారు. వీణ ధనమ్మాళ్ వంటి విదుషీమణులు ఉన్న ఊరది. కచేరీలకు పిలుపులు పెరిగాయి, పేరు వచ్చింది, డబ్బు వచ్చింది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి మహిళా కళాకారిణి ఆమే అని చెబుతారు. హరికథ కూడా చెప్పేవారు. పాడే పాటలో ప్రతి మాటకూ అర్థం తెలిసి పాడాలని ఆమె పట్టు. అందుకే సంగీతంతో పాటు తెలుగు సాహిత్యాన్నీ శ్రద్ధగా చదివేవారు.

అలా చదువుతున్నప్పుడే ముద్దుపళని పేరు ఆమె కంట పడింది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలోని తెలుగు కవయిత్రి. ఆమె రాసిన రాధికా సాంత్వనం అప్పటికే అచ్చయింది గానీ, అందులో పద్యాలు కొన్ని తీసేశారు. మూల ప్రతి సంపాదించి చూసుకున్న నాగరత్నమ్మకు ఆ సంగతి తెలిసింది. పూర్తి పాఠంతో తానే పరిష్కరించి 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు.

కందుకూరి వీరేశలింగం పంతులు ఆ కావ్యంలోని శృంగారం స్త్రీకి తగదని విమర్శించారు. నాగరత్నమ్మ దానికి బెదరలేదు. అంతకు మించిన శృంగారం మగకవులు రాస్తే తప్పు కానిది, ఆడది రాస్తే ఎందుకు తప్పయిందని పీఠికలో నిలదీశారు. పుస్తకం వచ్చిన ఏడాదికే ప్రభుత్వం దాన్ని నిషేధించింది, ప్రతులు స్వాధీనం చేసుకుంది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం రావలసి వచ్చింది. పోయిన పద్యాలను వెతికి తెచ్చి, వాటికి వాటి చోటు ఇప్పించిన ఈ మనిషే, తర్వాత కావేరి ఒడ్డున పాటకు చోటు అడిగారు.

ముళ్లకంపల్లో సమాధి

త్యాగరాజస్వామి 1847 జనవరిలో తిరువయ్యారులో సిద్ధి పొందారు. కాకర్ల ఇంటిపేరు గల తెలుగు కుటుంబం వారిది. కావేరి ఒడ్డున చిన్న సమాధి కట్టారు. శిష్యులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయారు. ఏటేటా తిథి నాడు ఎవరి ఇంట్లో వారు జరుపుకొనేవారు. పాట ఊరూరా పాకింది గానీ, సమాధిని పట్టించుకునేవారు లేకపోయారు.

1903లో స్వామి ప్రత్యక్ష శిష్యులైన ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అక్కడికి వచ్చి, శిథిలమైన సమాధిని బాగు చేయించారు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడే ఆరాధన జరపడం మొదలైంది. భజన, ఉంఛవృత్తి, అన్నసంతర్పణ, కచేరీలు. ఊళ్ల నుంచి సంగీతకారులు సొంత ఖర్చులతో వచ్చి పాడి వెళ్లేవారు. కానీ నలుగురు కూడిన చోట పంతాలు కూడా వచ్చాయి. తిల్లస్థానం నరసింహ భాగవతార్ ఒకవైపు, ఆయన తమ్ముడు పంజు భాగవతార్ ఒకవైపు నిలిచారు. పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండు వర్గాలయ్యాయి. తమిళంలో పెరియ కట్చి, చిన్న కట్చి అనేవారు. ఉత్సవం రెండుగా చీలింది. రెండు పక్షాలకూ కుదిరిన మాట ఒకటే. ఆడవారు అక్కడ పాడకూడదు.

ఆ రోజుల్లో నలుగురిలో పాడే స్త్రీలంటే దాదాపు అందరూ దేవదాసీలే. వారి పాట కచేరీకి కావాలి, పెళ్లిళ్లకు కావాలి. స్వామి సన్నిధికి మాత్రం వద్దన్నారు.

ఇంతలో ఆ సమాధి మళ్లీ పాడుబడింది. దాని దుస్థితి గురించి 1921లో మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప నుంచి నాగరత్నమ్మకు ఉత్తరం వచ్చింది. ఆమె కదిలిపోయారు. వెళ్లి చూశారు. చుట్టూ స్థలం సంపాదించారు. 1921 అక్టోబర్ 27న గుడికి శంకుస్థాపన జరిగింది. నగలు అమ్మారు, కూడబెట్టిన ఆస్తి కరిగించారు. కచేరీల్లో వచ్చినదంతా అక్కడే పెట్టారు. 1926 ఆరంభంలో కుంభాభిషేకం జరిగింది. నిత్యపూజకూ ఏర్పాటు చేశారు.

గుడి వెనుక పాట

గుడి ఆమె డబ్బుతో లేచింది. కానీ ఆ గుడి ముందు పాడే హక్కు మాత్రం ఆమెకు రాలేదు. రెండు పక్షాలూ ఒప్పుకోలేదు. ఇక్కడే నాగరత్నమ్మ నేర్పు కనిపిస్తుంది. ఆమె అలిగి ఊరు విడిచి పోలేదు. గుడి నాది, తాళం వేస్తానని కూర్చోలేదు. 1927లో మూడో పక్షం పెట్టారు. అది ఆడవారి పక్షం, పెంగళ్ కట్చి. మగవారి గోష్ఠి గుడి ముందు జరుగుతుంటే, ఈమె పక్షం గుడి వెనుక కూర్చుని పాడింది. ఆమె హరికథ చెప్పారు. ఊరూరి నుంచి గాయనీమణులను పిలిపించారు. వచ్చినవారికి వసతి, భోజనం చూసుకున్నారు.

ఏటికేడు ఆ వెనుక వైపు జనం పెరిగారు. వాదించి గెలవడం వేరు, పాడి గెలవడం వేరు. స్త్రీలు పాడితే సన్నిధికి మైల అన్నవారు ఆ పాట విన్న తర్వాత ఆ మాట గట్టిగా అనలేకపోయారు. పదిహేనేళ్లు తిరగకుండానే పరిస్థితి మారింది. సంగీతాభిమాని అయిన ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి వంటివారు మధ్యవర్తులుగా నిలిచారు. 1940 నాటికి మూడు పక్షాలూ ఒక్కటయ్యాయి. ఉత్సవం ఒకటే అయింది, స్త్రీలు కూడా అందులో పాడారు. అందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడే పద్ధతి కూడా ఈ ఐక్యత తర్వాతే ఇప్పుడున్న రూపంలో స్థిరపడింది.

ఈ పద్ధతిలో ఒక అందం ఉంది. కచేరీలో ఒకరు పాడతారు, మిగతావారు వింటారు. గోష్ఠిలో వినేవారు వేరుగా లేరు. నా గొంతు పెద్దదా నీ గొంతు పెద్దదా అన్న లెక్క అక్కడ లేదు. రెండు పక్షాలుగా చీలిన ఉత్సవాన్ని కలిపి ఉంచడానికి ఇంతకంటే మంచి మందు దొరకదు.

నాగరత్నమ్మ చివరి ఏళ్లు తిరువయ్యారులోనే గడిపారు. తన ఆస్తి స్వామి సేవకే రాశారు. ఆ సన్నిధిలో దేవదాసీలతో సహా ఏ స్త్రీ అయినా పూజించవచ్చు, పాడవచ్చు, ఎవరూ అడ్డు చెప్పకూడదని వీలునామాలో షరతు పెట్టారు. తాను పొందిన చోటు తన తర్వాతివారికి పోకుండా చూసుకున్నారు. 1952 మే 19న ఆమె కన్నుమూశారు. అదే ఏడాది వావిళ్ల వారు రాధికా సాంత్వనం మళ్లీ అచ్చు వేశారు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి ఎదురుగా ఆమె విగ్రహం ఉంది. చేతులు జోడించి కూర్చుని స్వామి వైపే చూస్తున్నట్టుంటుంది.

మన బడిలో ఈ కథ

ఈ జీవితాన్ని తరగతిలో చెప్పేటప్పుడు గుడి కట్టిన ఘనత దగ్గరే ఆగిపోకూడదు. గుడి వెనుక కూర్చుని పాడిన పదేళ్ల పైచిలుకు కాలం కూడా చెప్పాలి. పిల్లలకు నిజంగా పనికొచ్చేది అదే.

ఇంకొకటి ఉంది, ఇది తల్లిదండ్రులకు. తెలుగు చదివి ఏం లాభమని అడిగే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పంచరత్నాలు ఐదింటిలో ఒకటి సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. తమిళనాడులో ఎందరో ఈ కీర్తనలను తమిళ లిపిలో రాసుకుని నేర్చుకుంటారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. అందుకని పుస్తకాల్లో అక్షరం పక్కన రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి తేడా చూపిస్తారు. ఎంత శ్రమపడి నేర్చుకుంటున్నారో చూడండి. తెలుగు అక్షరాలు దిద్దిన మన పిల్లలకు ఆ అంకెలు అక్కర్లేదు. పాట రాసిన మాటను రాసినట్టే చదవగలరు, అర్థం కూడా చెప్పగలరు. సంగీతం క్లాసులో పక్కన కూర్చున్న తమిళ, కన్నడ స్నేహితులకు ఒక మాటకు అర్థం చెప్పిన రోజున, తెలుగు ఎందుకన్న ప్రశ్నకు ఆ పిల్లకు జవాబు దొరికినట్టే.

పెద్ద ఖర్చు లేని పని ఒకటి చేయవచ్చు. పుష్య బహుళ పంచమి నాడు బడిలో అరగంట తీసుకుని, పిల్లలకు వచ్చిన ఒక తేలిక కీర్తనను నేల మీద వరుసగా కూర్చుని కలిసి పాడించండి. తాళం ఒక్కటి ఉంటే చాలు. పాటకు ముందు దాని మాటలు తెలుగులో నల్లబల్ల మీద రాసి అర్థం చెప్పండి. గొంతు బాగాలేదని ఎవరినీ పక్కన పెట్టకండి. ఇంటిభాష తెలుగు కాని పిల్లలు పక్క తరగతిలో ఉంటే వారినీ పిలవండి. పాటకు చోటు కోసం జీవితమంతా నిలబడిన ఆమెకు అంతకంటే తగిన నివాళి ఉండదు.