డబ్బు ఎవరిచ్చారు?

మా పెద్దమ్మ కూతురు బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసింది. రోగాల మీద పరిశోధన చెయ్యాలని, పీహెచ్‌డీలో చేరాలని తన కోరిక. పోయిన సంక్రాంతికి తిరువూరులో మా ఇంట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక మాట అటు తిరిగింది. ఫెలోషిప్ వస్తే సరే, రాకపోతే ఐదేళ్ళు ఎవరు పోషిస్తారు? మామిడి తోట మీద వచ్చేది అప్పులకే చాలడం లేదు. అక్క ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. నాది కంప్యూటర్ సైన్స్ కాబట్టి నా ఫీజు గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అది నాకు బాగా గుచ్చుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చదవడం మొదలుపెట్టాను. పేరు మనందరికీ తెలుసు, క్విజ్‌లో అడిగితే చెప్పేస్తాం కూడా. కానీ నేను ఈసారి ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకుని చదివాను. ఈయనకి డబ్బు ఎవరిచ్చారు?

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఇబ్బందులే. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుని సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయారట. వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ రెండుసార్లు ఫెయిల్, మూడోసారి మద్రాసులో పాస్. బ్యాక్‌లాగ్‌లు ఉన్న మిత్రులు ఈ లైను మళ్ళీ చదువుకోవచ్చు! చదువు ఆగిపోకూడదని తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మారు. నా ప్రశ్నకి దొరికిన మొదటి జవాబు ఆవిడే.

తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీ. అక్కడ ఖర్చులు భరించింది స్నేహితులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. గాంధీ పిలుపు విని ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ఈలోగా అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో పోయారు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల మీద చదవడానికి సీటొచ్చింది కానీ స్కాలర్‌షిప్ రాలేదు. ఇక్కడ నాకు రెండో జవాబు దొరికింది. కోరంగి నుంచి రంగూన్ వెళ్ళి బాగా సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారు తన ఆస్తిని ధర్మకార్యాలకి రాసిపోయారు. కాకినాడలోని ఆ సంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. మిగతాది మామగారు ఎలాగో సర్దారు. అలా 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు క్లాసులు.

1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. ఆ దారిలోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాయి. ఇంటర్ బైపీసీ వాళ్ళు బట్టీ పట్టే ఏటీపీయే అది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. తన అన్నదమ్ములని తీసుకుపోయిన స్ప్రూకి అది పనిచేసింది. పాతికేళ్ళు ఆలస్యంగా. దానికి విరుద్ధంగా పనిచేసే అమైనోప్టెరిన్‌ని డాక్టర్ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి చూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. భీమవరం వైపున్న మా అమ్మమ్మ ఊళ్ళో చిన్నప్పుడు మాకు మింగించిన బోదకాలు మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిందే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు.

ఇక మూడో జవాబు. దీన్ని ఎవరూ లెక్కల్లో రాయరు. భార్య శేషగిరి గారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ ఇండియాకి రాలేదు. ఆవిడ ఆయన్ని మళ్ళీ చూడలేదు. తల్లి బంగారం ఇచ్చింది, మామగారు డబ్బిచ్చారు, ఆవిడ జీవితమే ఇచ్చింది. గొప్పవాళ్ళ కథలు చదివి మనం కష్టపడాలి అని మాత్రమే నేర్చుకుంటాం. నాకు మాత్రం వేరేగా అనిపించింది. పరిశోధన మొదలుపెట్టేవాడికి తొలి డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. అది వ్యవస్థ నుంచి రాకపోతే ఇంట్లోవాళ్ళ ఒంటి మీద నుంచి వస్తుంది.

ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు. ఐసీఎంఆర్, డీబీటీ కూడా వైద్య, జీవశాస్త్రాలకి జేఆర్ఎఫ్‌లు ఇస్తున్నాయి. పీహెచ్‌డీ అయ్యాక హైదరాబాద్‌లో ఉన్న ఇండియా అలయన్స్ ఉంది. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ళకి డీబీటీ ఇచ్చే ఫెలోషిప్ శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామి పేరు మీదే ఉంది. సుబ్బారావు గారి కాలంలో ఇలాంటిది ఉంటే శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూసేవారేమో. ఎవరు చెప్పగలరు?

ఈ జాబితా అంతా ఒక కాగితం మీద రాసి అక్కకిచ్చాను. పెదనాన్నకీ చూపించాను. ఆయన చాలాసేపు చదివి, ఒక సంవత్సరం చూద్దామన్నట్టు తలూపి కాగితం జేబులో పెట్టుకున్నారు. పరీక్ష దరఖాస్తు ఫీజు నా ఇంటర్న్‌షిప్ డబ్బుల్లోంచి నేను కట్టాను. చిన్న మొత్తమే. కానీ రేపు అక్కకి డబ్బు ఎవరిచ్చారని ఎవరైనా అడిగితే, ఆ లిస్టులో చివర్లోనైనా నా పేరుంటుంది.