ఊరూరా తిరిగిన ఫుట్‌బాల్ గురువు

కొత్త బడిలో మొదటిరోజు ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. నాన్నగారికో అమ్మకో బదిలీ అవుతుంది, సామాన్లు లారీ ఎక్కుతాయి, మన చేతికి టీసీ వస్తుంది. ఫుట్‌బాల్‌లో దాదాపు జీవితమంతా ఇలాగే గడిపిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు హెలెనియో హెరెరా.

ఆయన తల్లిదండ్రులు స్పెయిన్ వాళ్లు. దేశం విడిచి అర్జెంటీనా వెళ్లారు. హెరెరా బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టాడు. ఇంకా చిన్నపిల్లవాడిగా ఉండగానే కుటుంబం మళ్లీ సముద్రం దాటి మొరాకోలోని కాసబ్లాంకా చేరింది. తండ్రి వడ్రంగి. ఇంట్లో డబ్బు లేదు. వీధిలో బంతి మాత్రం ఉంది.

ఆటగాడిగా ఆయన గొప్పవాడేమీ కాదు. ఫ్రాన్స్ వెళ్లి చిన్నా పెద్దా క్లబ్బుల్లో డిఫెండర్‌గా ఆడాడు. వాటిలో చార్లెవిల్ ఒకటి. రెండో డివిజన్‌లో ఉంటూనే ఆ జట్టు 1936లో ఫ్రెంచి కప్పు ఫైనల్ దాకా వచ్చి, 1-0 తేడాతో ఓడింది. పెద్ద జట్టును చిన్న జట్టు ఎలా ఆపగలదో ఆయన మైదానంలో నిలబడి నేర్చుకున్నాడనుకుంటాను.

యుద్ధం ముగిశాక పారిస్‌లో కోచ్ అయ్యాడు. 1948లో తల్లిదండ్రుల దేశానికి వచ్చి వలదోలిద్ జట్టును, ఆ మరుసటి ఏడు అట్లెటికో మాడ్రిడ్‌ను చేపట్టాడు. 1950, 1951 లీగ్ టైటిళ్లు అట్లెటికోవే. తర్వాత మలగా, లా కొరున్యా, సెవిల్, పోర్చుగల్. మన బదిలీలు ఆయన ముందు ఏపాటి! 1958లో బార్సిలోనా చేరి రెండుసార్లు లీగ్ గెలిపించాడు. అయినా 1960 యూరోపియన్ కప్పు సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడగానే ఉద్యోగం పోయింది.

అప్పుడు పిలిచింది ఇటలీలోని ఇంటర్ మిలాన్. అక్కడ ఆయన పద్ధతులే వేరు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది గోడలకు పెద్దక్షరాలతో నినాదాలు రాసి తగిలించేవాడు, మన క్లాసులో చార్టులు కట్టినట్టు. మ్యాచ్‌కు ముందు అందరినీ ఇళ్లకు దూరంగా ఒకచోట ఉంచేవాడు. తిండికీ నిద్రకీ కూడా లెక్కే.

ఆయన ఆటతీరును కటెనాచ్చో అంటారు, అంటే తలుపు గడియ. డిఫెండర్ల వెనుక ఇంకొకడు, పిక్కీ, కాపలా ఉంటాడు. ముందువాళ్లను తప్పించుకుని వచ్చిన బంతిని అతడు పట్టేస్తాడు. బంతి దొరకగానే సువారెజ్ దూరంగా పాస్ ఇస్తాడు, రెండు మూడు పాసుల్లో అవతలి గోలు ముందుంటారు. గడియ వేసి ఆటను చంపేశాడని చాలామంది తిట్టారు. నాకది పూర్తి నిజమనిపించదు. ఆ జట్టులో ఎడమవైపు డిఫెండరైన ఫక్కెట్టి ముందుకు పరుగెత్తి గోల్స్ కొట్టేవాడు. డిఫెండర్లు అలా దాడికి దిగడం ఆ రోజుల్లో అరుదు.

1964లో వియన్నాలో రియల్ మాడ్రిడ్‌ను 3-1తో, 1965లో సొంత మైదానంలో బెన్ఫికాను 1-0తో ఓడించి ఇంటర్ యూరప్ విజేత అయింది. 1967 ఫైనల్లో స్కాట్లాండ్ జట్టు సెల్టిక్ ఆ గడియను విరగ్గొట్టింది. స్కోరు 2-1. మరుసటి ఏడాది హెరెరా రోమా జట్టుకు మారాడు.

ఇక్కడొక చెడు ఘట్టం దాచకూడదు. 1969లో రోమా ఆటగాడు జులియానో తక్కోలా అనారోగ్యంతో ఉండి కూడా జట్టుతో కాలియరి వెళ్లాడు. మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూములోనే చనిపోయాడు. వయసు పాతికేళ్లు. హెరెరా కఠినత్వమే కారణమని చాలామంది నిందించారు. ఆ నింద చివరిదాకా ఆయన్ని వదల్లేదు.

1997 నవంబరు 9న వెనిస్‌లో ఆయన కన్నుమూశాడు. వయసెంతంటే చెప్పడం కొంచెం కష్టమే. మనకైతే టీసీలో పుట్టినతేదీ ఒక్క అంకె తేడా వచ్చినా ఆఫీసులో ఒప్పుకోరు. ఆయన కాగితాల్లో 1916 అని ఉండేది. ఆ చివరి ఆరు మొదట సున్నా అట!