ఎజ్రా

ఎజ్రా ప్రాచీన యూదుల చరిత్రలో ప్రసిద్ధుడైన యాజకుడు, ధర్మశాస్త్ర పండితుడు. పర్షియా సామ్రాజ్య కాలంలో బబులోను నుండి యెరూషలేముకు తిరిగివచ్చిన ఒక యూదుల బృందానికి ఈయన నాయకత్వం వహించాడు. ఈయన జీవిత విశేషాలు ప్రధానంగా బైబిలు పాత నిబంధనలోని ఎజ్రా, నెహెమ్యా గ్రంథాల నుండి లభిస్తున్నాయి.

వంశావళి

ఎజ్రా గ్రంథం 7వ అధ్యాయం ఈయనను వంశావళితోనే పరిచయం చేస్తుంది. తండ్రిగా చెప్పబడిన శెరాయా మొదలుకొని మూలపురుషుడైన అహరోను వరకు అందులో 16 పేర్లున్నాయి. మొదటి దినవృత్తాంతముల గ్రంథం 6వ అధ్యాయంలో ఇదే వంశక్రమానికి 22 పేర్లు కనిపిస్తాయి. పైగా శెరాయా, యెరూషలేము పతనమైనప్పుడు (సుమారు క్రీ.పూ. 586) బబులోను రాజు ఆజ్ఞతో చంపబడిన ప్రధాన యాజకుడు. ఎజ్రా ప్రయాణం దాని తరువాత వందేళ్ళకు పైగా గడిచాక జరిగింది. కనుక ఇక్కడ కుమారుడు అనే మాటకు వంశీయుడు అనే అర్థం చెప్పుకోవాలి. మన ప్రవరలో అందరు పూర్వీకులనూ చెప్పక కొందరు ఋషులను మాత్రమే స్మరించినట్లుగా, ఈ పట్టిక కూడా తరాలను లెక్కించడానికి కాక యాజకత్వపు హక్కును తెలపడానికి ఉద్దేశించినది.

ఆ హక్కు ఎంత ముఖ్యమైనదో అదే గ్రంథం 2వ అధ్యాయం వలన తెలుస్తుంది. అంతకుముందు తిరిగివచ్చినవారిలో హబాయా, హక్కోజు, బర్జిల్లయి వంశాలవారు తమ వంశావళి పత్రాలను చూపలేకపోయారు. ఫలితంగా వారిని యాజకత్వం నుండి తొలగించారు. అతిపరిశుద్ధమైన నైవేద్యాలను తినే అధికారం కూడా వారికి లేకపోయింది. దేవాలయ సేవే జీవనాధారమైన కుటుంబాలకు ఇది చిన్న నష్టం కాదు.

యెరూషలేము ప్రయాణం

అర్తహషస్త రాజు 7వ సంవత్సరంలో ఎజ్రా బయలుదేరాడు. ఆ రాజు మొదటి అర్తహషస్త అయితే అది క్రీ.పూ. 458, రెండవవాడైతే క్రీ.పూ. 398 అవుతుంది. పండితులలో ఏకాభిప్రాయం లేదు. అహవా నది వద్ద జనాన్ని పరిశీలించగా లేవీయులు ఒక్కరూ కనబడలేదు. కబురు పంపి 38 మంది లేవీయులను, 220 మంది దేవాలయ సేవకులను రప్పించాడు. ప్రయాణం సుమారు నాలుగు నెలలు పట్టింది.

అన్యజాతి వివాహాలు

యూదులు పలువురు అన్యజాతి స్త్రీలను వివాహమాడారని తెలిసి ఎజ్రా వస్త్రాలు చింపుకొని దుఃఖించాడు. తొమ్మిదవ నెలలో, భారీ వర్షంలో వణుకుతూ ప్రజలు సమావేశమయ్యారు. మూడు నెలలు విచారణ జరిగింది. అటువంటి వివాహాలు చేసుకున్న వందమందికి పైగా పురుషుల పేర్లతో గ్రంథం ముగుస్తుంది. ఆ స్త్రీలలో కొందరికి పిల్లలున్నారని చివరి వాక్యం చెబుతుంది కాని, వారి పేర్లు ఎక్కడా లేవు. ఎజ్రా జీవితంలో నేటికీ ఎక్కువగా విమర్శింపబడే ఘట్టం ఇదే. బైబిలులోనే రూతు గ్రంథం ఇందుకు భిన్నంగా, మోయాబు స్త్రీ అయిన రూతును దావీదు రాజు ముత్తవ్వగా చూపి, పెరెసు నుండి దావీదు వరకు పది పేర్ల వంశావళితో ముగుస్తుంది. ఎజ్రా విధానానికి సమాధానంగానే అది వ్రాయబడిందని కొందరు పండితులు భావిస్తారు. అయితే దాని రచనాకాలం వివాదాస్పదం.

తరువాతి కాలం

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం ప్రకారం, ఏడవ నెల మొదటి దినాన ఎజ్రా నీటి గుమ్మం ఎదుట ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రాన్ని ప్రజలకు చదివి వినిపించాడు. దినవృత్తాంతములలోని వంశావళులను కూడా ఈయనే వ్రాశాడని యూదుల సంప్రదాయం. ఈయన మరణం గురించి బైబిలులో లేదు. యెరూషలేములో సమాధి చేశారని చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. మరొక సంప్రదాయం ప్రకారం సమాధి దక్షిణ ఇరాక్‌లో, టైగ్రిస్ నది ఒడ్డున గల అల్ ఉజైర్‌లో ఉంది. దానిని యూదులు, ముస్లిములు కూడా దర్శించేవారు.