హెన్రీ పిడింగ్టన్

మన ఉద్దానపు తీరమున నివసించువారికి తుపాను క్రొత్త మాట కాదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరితోటలును జీడితోటలును నేలకొరగుట మనలో పలువురు కన్నులార చూచియున్నారు. అయినను ఆ తుపాను వచ్చుచున్నదని ముందుగనే వార్త అందెను. అట్టి వార్త యేదియు లేని దినములలో, ఒక ఓడవారు ఎరిగిన సంగతిని ఎల్ల ఓడలవారికిని తెలియజేయుటకై జీవితమును ధారపోసిన పురుషుడు హెన్రీ పిడింగ్టన్. నేడు లోకమంతట వాడుకలోనున్న సైక్లోను అను పేరు పెట్టినవాడు ఇతడే.

ఇతడు 1797వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున జన్మించెను. చిన్ననాటనే సముద్రయానమునకు పూని, వర్తకపుటోడకు కప్తానై, తూర్పు సముద్రములలో సంచరించి, పిదప కలకత్తా నగరమున స్థిరపడెను. ఓడలకు కలిగిన ప్రమాదములను విచారించు న్యాయసభకు అధ్యక్షుడుగ నుండెను. మునిగిన ఓడల వృత్తాంతములు వినుటయే ఆయన పనియైనందున, నావికుల యజ్ఞానమునకు ప్రాణములే మూల్యమని ఆయన లెస్సగ గ్రహించెను.

ప్రతి కప్తానును తన ఓడ దినచర్య పుస్తకములో గాలి దిక్కును, భారమితి మట్టమును, అలల తీరును వేళవేళకు వ్రాసికొనుచుండెడివాడు. కాని ప్రయాణము ముగిసిన వెనుక ఆ పుస్తకము పెట్టెలో పడియుండెడిది. ఒకే దినమున ఒక ఓడకు తూర్పుగాలియు, మరియొక ఓడకు పడమటిగాలియు వీచెనన్నచో, అందులకు కారణము ఏ యొక్కరికిని గోచరింపదు. 1838లో విలియం రీడ్ అను సైనికోద్యోగి తుపానుగాలులు వలయాకారముగ తిరుగునని ఒక గ్రంథమున నిరూపించెను. దానిని చదివిన పిడింగ్టను 1839 మొదలుకొని కప్తానులను, రేవుల యధికారులను వేడి, వారి పుస్తకములను తెప్పించి, వానిలోని సంగతులన్నిటిని ఒకే పటముపై గుర్తింపసాగెను. విడివిడిగ అర్థము కాని గాలులు అచ్చట చక్రమై కనబడెను.

ఈ పరిశోధనకు మన తెలుగుతీరమే ఒక ముఖ్యస్థానమయ్యెను. గోదావరి ముఖమునగల కోరంగి నాడు ఓడలు కట్టు పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు దానిని ముంచెత్తెను. 1839 నవంబరులో మరల ఘోరమైన తుపాను సంభవించెను. ఈ విపత్తుల వృత్తాంతములను పిడింగ్టను సేకరించి పరిశీలించెను.

1845లో మారిషసు ద్వీపము చెంత చార్లెస్ హెడిల్ అను ఓడ తుపానులో చిక్కి, గాలి తోసినట్లు పరుగెత్తి, అయిదు దినములలో అయిదు మారులు చుట్టివచ్చెను. ముందుకు సాగుచున్నామని తలచిన నావికులు గానుగెద్దువలె తిరుగుచుండిరి! ఆ ఓడ పుస్తకము పిడింగ్టను సిద్ధాంతమునకు గొప్ప సాక్ష్యమయ్యెను.

1848లో ఆయన నావికులకొరకు తుపానులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి సైక్లోను అను మాటను కల్పించెను. గాలి వలయములు గీసిన పలుచని కొమ్ము రేకులను ఆ గ్రంథముతో జతపరచెను. వానిగుండ అడుగునున్నది కనబడును గనుక, కప్తాను తన పటముపై ఆ రేకునుంచి, తుపాను నడుమ యెచ్చటనున్నదో, ఎటు తప్పించుకొనవలెనో తెలిసికొనగలడు. మన అర్ధగోళమున గాలికి ఎదురుగ నిలిచినవానికి తుపాను కేంద్రము ఇంచుమించుగ కుడిచేతి దిక్కుననుండును. ఇంతటి సులభసూత్రము ఎన్ని ప్రాణములను కాపాడునో ఊహింపుడు.

వంగదేశమున మాత్లా నదిపై క్రొత్త రేవు కట్టదలచినప్పుడు, తుపానుటుప్పెన దానిని ముంచునని ఆయన 1853లో గవర్నరు జనరలుకు లేఖ వ్రాసెను. ఆ మాట చెల్లలేదు. 1858లో ఆయన కలకత్తాలో కాలధర్మము నొందెను. రేవు మాత్రము కట్టబడెను. 1867 నవంబరు తుపానులో అది పాడయ్యెను. అంతకు మునుపే, 1864 అక్టోబరులో కలకత్తాయు, నవంబరులో మన బందరును ఉప్పెనలవలన ఘోరనష్టము పొందెను. తుదకు 1875లో భారత వాతావరణశాఖ స్థాపితమయ్యెను.

నేడు ఓడలు తమ పేరును, స్థానమును, వేగమును, పోవు దిక్కును యంత్రముద్వారా తమంతట తామే చుట్టునున్న ఓడలకు తెలుపుకొనుచున్నవి. విశాఖపట్టణమువంటి రద్దీగల రేవులలో అధికారులు ఆ సమాచారమును తెరలపై చూచి దారి చూపుచున్నారు. ఉపగ్రహములు తుపాను జాడను నిమిషములలో తెలుపుచున్నవి. సాధనములు మారినవి గాని మూలమొక్కటే: ఒకడు కన్నదానిని పదిమందితో పంచుకొన్నప్పుడే సముద్రము క్షేమకరమగును.

విద్యార్థులారా! పిడింగ్టను గాలిని ఆపలేదు, అలను అణచలేదు. పెట్టెలలో నిద్రించు పుస్తకములను వెలికి తెచ్చి ఒకచోట చేర్చెను. మనము నేర్చిన విద్యయు మనవద్దనే దాగియున్నచో మూతవేసిన పెట్టెవంటిదే. వేటకుపోవు మన తీరపు బెస్తవానికి హెచ్చరికను చదివి వినిపింపగల బాలుడు సయితము ఆ మహనీయుని పనిలో పాలుపంచుకొన్నవాడే యగును.